మూడు జానల ఎత్తు

అట్టపెట్టె విప్పితే థర్మాకోలు మధ్య
బోర్లించిన గంగాళంలా తళతళమంటూ చిమ్నీ.
తణికాచలం దాన్ని చూడనే లేదు.
ముందు గోడను చూశాడు, తర్వాత పొయ్యిని,
తర్వాత నన్ను.
"మెయిన్ ఎక్కడమ్మా?"
తలుపు వెనకాల, గొడుగులు తగిలించే చోట.
టక్.
పెరంబూరు మధ్యాహ్నమంతా
ఒక్కసారిగా మా ఇంట్లోకి దిగింది.
ఫ్యాను రెక్కలు మూడూ విడివిడిగా కనిపించాయి.
"గ్యాసు కూడా. రెగ్యులేటర్ దగ్గర కట్టండి,
పొయ్యి దగ్గర కాదు."
పాతికేళ్లుగా నేను పొయ్యి దగ్గరే కడుతున్నానని
ఆయనకెవరు చెప్పారో.

పొయ్యి పైన గోడకు ఒక మచ్చ.
ఆవాలు చిట్లినచోట చుక్కలు,
మిరపకాయ మాడిన రోజుల గోధుమరంగు,
వడియాలు వేయించిన వానాకాలాలన్నీ
జిడ్డుజిడ్డుగా ఒకదాని మీద ఒకటి.
సబ్బునీళ్లకు పోలేదు, సున్నానికి దాగలేదు.
దాన్ని కప్పెయ్యడానికే ఇదంతా అనుకున్నాను
ఆయన టేపు సాగదీసేదాకా.

"ఎంత ఎత్తులో పెట్టమంటారు?"
నా నెత్తికి తగలనంత, అన్నాను.
"కిందికైతే మంట అందుకుంటుంది.
పైకైతే పొగ తప్పించుకుంటుంది."
ఇరవయ్యేడు అంగుళాల దగ్గర పెన్సిలు గీత.
నేను నా జానతో కొలిచాను.
మూడు. సరిగ్గా మూడు.
పెద్ద చెయ్యి నాది;
మా అమ్మదైతే ఇంకో నాలుగు వేళ్లు పట్టేది.

"రసమట్టం తేరా" అని అక్క కొడుకును కేకేశాడు.
ఆ మాట అరవానికీ మనకూ ఒకటే.
వంటింట్లో రసం అని వినపడగానే
నా చెయ్యి చింతపండు డబ్బా మీదికి పోయింది.
గాజుగొట్టంలో బుడగ అటు పోయి, ఇటు పోయి
నడుమ నిలబడింది.
మా ఇంట్లో ఏదైనా అలా నడుమ నిలబడటం
అదే చూడటం.

పుచ్చకాయ కొనేవాడిలా వేలి కణుపులతో గోడను తట్టాడు.
చేతిలో చిన్న యంత్రం కీచుమంది.
"స్విచ్చు నుంచి నిట్టనిలువుగా వైరు పోతోంది.
ఇక్కడ గుచ్చితే ఇంతే సంగతులు."
నాలుగు వేళ్లు పక్కకు జరిగి
బ్యాటరీ డ్రిల్లు ఆనించాడు.
ఎర్రటి ఇటుకపొడి,
మూత పెట్టడం మరిచిన కందిపప్పులో రాలింది.

గొడవ గొట్టం దగ్గరొచ్చింది.
షాఫ్టులోకి వదిలెయ్యి, మూడడుగులే కదా, అన్నాను.
తల బయటపెట్టి పైకి చూశాడు.
"ఆ కిటికీ ఎవరిది?"
షైనిది. రాత్రంతా ఆసుపత్రిలో డ్యూటీ,
పగలు నిద్ర.
"అయితే మీ పోపు ఆవిడ దిండు మీదికి పోతుంది."
బయటిగోడ దాకా ఎనిమిదడుగులు.
ఒక్కటే వంపు; వంపు వంపుకీ పొగ అలిసిపోతుందట.
పదకొండు వందలు ఎక్కువ.
తొమ్మిదికి బేరమాడాను, సిగ్గుపడుతూనే.
పద్దెనిమిదేళ్లుగా ఆ షాఫ్టు కిందే
నా మూకుడు.
ఒక్కనాడూ ఆవిడ కిటికీ వేసుకోలేదు,
ఒక్క మాటా అనలేదు.
లేక వేసుకుందేమో. నేనెప్పుడు చూశాను?

చెరో కొసా పట్టి ఎత్తారు.
మూడో పిన్ను దాకా వచ్చి ఆగి,
మెయిన్ వేయించి, టెస్టరు దీపం పెట్టి చూసి,
"ఎర్తు ఉంది. బతికించారు," అన్నాడు,
నేనేదో చేసినట్టు.

మీట నొక్కాడు. హోరు.
పేపరు ముక్క చూపిస్తే చప్పున జాలీకి అతుక్కుంది.

వాళ్లు సామాను సర్దుతుంటే చూశాను,
టైలు మీద పెన్సిలుతో రెండు వరుసలు.
అరవం మాట్లాడతాను, తగువులాడతాను,
చదవడం మాత్రం బస్సు బోర్డుల వరకే.
ఏం రాశాడురా అంటే కుర్రాడు చదివాడు:
లోపల వైరుంది. మేకు కొట్టొద్దు.

మేమున్నన్నాళ్లూ నాకు గుర్తుంటుంది.
తర్వాత వచ్చేవాళ్లు
ఏ క్యాలెండరో తగిలించబోతే?

వాళ్లు మెట్లు దిగిపోయాక
పాల లెక్కల పెన్సిలు తెచ్చి
దాని కిందే తెలుగులో రాశాను.
అక్షరాలు కాస్త వంకరపోయాయి, రసమట్టం లేదుగా.
పక్కన టైలు మీద
ఇంకా కొంచెం జాగా ఉంది.